సీల్ కొత్తదే, ఆయిల్ మళ్లీ కారుతోంది: ముందు ఫోర్క్‌ను ఇంట్లో విప్పేవాళ్ల కోసం

బైకు ముందు ఫోర్క్ మీద ఆయిల్ మరక కనిపిస్తే అందరం అనే మాట ఒకటే: "సీల్ పోయింది." మెకానిక్ కూడా అదే అంటాడు. రెండు సీళ్లు తెప్పించి సాయంత్రానికల్లా వేసి ఇస్తాడు. "మార్చేశానన్నా, ఇంక కారదు" అని భరోసా ఇస్తాడు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. తర్వాత అదే వైపు మళ్లీ తడి. డూప్లికేట్ సీల్ వేసుంటాడని తిట్టుకుంటూ ఇంకో షాపుకు పోతాం.

చాలాసార్లు మొదటి సీల్‌లో లోపం లేదు, రెండోదాంట్లోనూ లేదు. సీల్‌ను తినేస్తున్న కారణం ఫోర్క్‌లో అలాగే ఉండిపోయింది. దాన్ని వెతకడానికి ఓపిక కావాలి, తీరిక కావాలి. బయట పది బండ్లు వరసలో ఉన్న మెకానిక్‌కు ఆ తీరిక ఉండదు, అందులో ఆయన తప్పేం లేదు. ఇంట్లో మనమే చేసుకుంటే కూలి డబ్బులు ఎలాగూ మిగులుతాయి. అంతకంటే పెద్ద లాభం, పైపును వెలుతురులో తిప్పి తిప్పి చూసుకునే సమయం దొరకడం.

ఇక్కడ చెప్పేదంతా స్ప్లెండర్, షైన్, పల్సర్ 150, బుల్లెట్ లాంటి బండ్లలో ఉండే మామూలు టెలిస్కోపిక్ ఫోర్క్ గురించి. పైన మెరిసే క్రోమ్ పైపు, కింద లావాటి అల్యూమినియం బాటమ్ కేసు. డ్యూక్ 390 లాంటి వాటికి ఉండే తలకిందుల ఫోర్క్ లోపలి అమరిక వేరు, పనిముట్లు వేరు. మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

లోపల ఏం జరుగుతుంది

ఆయిల్‌తో కుదుపును అదుపుచేసే టెలిస్కోపిక్ ఫోర్క్‌ను 1935లో బీఎండబ్ల్యూ తన ఆర్12 మోడల్‌తో మార్కెట్లోకి తెచ్చింది. తొంభై ఏళ్లు గడిచినా మన కమ్యూటర్ బైకుల్లో ఉన్నది ఆ ఆలోచనే. బరువు మోసేది స్ప్రింగు. ఆయిల్ బరువు మోయదు, కదలిక జోరును తగ్గిస్తుంది. చక్రం గుంతలో పడితే స్ప్రింగు నొక్కుకుంటుంది, నొక్కుకున్నది అంతే జోరుగా వెనక్కి తన్నాలని చూస్తుంది. ఆ తన్నుడును అణచడమే ఆయిల్ పని.

బాటమ్ కేసు అడుగున అలెన్ బోల్టుతో (తలలో ఆరు పలకల గుంట ఉండే బోల్టు) బిగించిన సన్నని బోలు గొట్టం ఒకటి నిలబడి ఉంటుంది. దాన్ని డంపింగ్ రాడ్ అంటారు. దాని తల పైపు లోపల పిస్టన్‌లా ఆనుకుని ఉంటుంది, ఒంటి మీద రంధ్రాలు ఉంటాయి. ఫోర్క్ దిగేటప్పుడు ఆయిల్ కింది రంధ్రాల్లోంచి కాస్త సులువుగా పోతుంది. లేచేటప్పుడు పైనున్న సన్న రంధ్రాల్లోంచి కష్టపడి పోవాలి. ఆయిల్ తగ్గిపోతే ఆ రంధ్రాల్లోకి గాలి కూడా దూరుతుంది. ఇక పట్టు ఉండదు. బ్రేక్ వేస్తే ముందు భాగం దబ్బున కూలబడుతుంది, స్పీడ్ బ్రేకర్ దాటాక కూడా హ్యాండిల్ ఊగుతూనే ఉంటుంది.

పైపు బాటమ్ కేసులోకి దిగే చోట ఆయిల్ సీల్ ఉంటుంది. ఇనుప రింగు, దాని చుట్టూ రబ్బరు, లోపలి అంచు పైపును గట్టిగా పట్టుకోవడానికి చుట్టూ ఒక సన్నని తీగ స్ప్రింగు. దాని పైన సీల్ బయటికి రాకుండా గాడిలో కూర్చునే రింగు, అంటే సర్‌క్లిప్, ఆ పైన దుమ్ము ఆపే డస్ట్ సీల్. ఆయిల్ సీల్ పైపును పొడిగా తుడిచేయదు. కంటికి ఆనీ ఆనని ఒక పొరను వదులుతుంది. ఆ పొర లేకపోతే రబ్బరు ఎండి అరిగిపోతుంది. కాబట్టి పైపు మీద వేలు పెడితే కాస్త జిడ్డు తగిలిందని కంగారు పడక్కర్లేదు. తుడిచి, బండి నాలుగు వీధులు తిప్పి వచ్చాక పైపు చుట్టూ తడి వలయం కనిపిస్తే, లేదా బాటమ్ కేసు మీద ధారగా దిగితే, అప్పుడు కారుతున్నట్టు.

కారుతూ ఉన్నా "తర్వాత చూద్దాంలే" అని తిరగడం మాత్రం వద్దు. డిస్క్ బ్రేక్ బండి అయితే ఆ ధార దిగే దారిలోనే బ్రేక్ ప్యాడ్‌లను పట్టుకునే కాలిపర్ ఉంటుంది. ప్యాడ్‌లకు ఆయిల్ పడితే వేడి చేసినా, రుద్దినా నమ్మకంగా పోదు. ప్యాడ్‌లు మార్చాల్సిందే. డిస్క్‌ను బ్రేక్ క్లీనర్‌తోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో శుభ్రంగా తుడవాలి.

విప్పకముందు చూడాల్సినవి

ముందు ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. ఫోర్క్ మొత్తం తుడిచి, ముందు బ్రేక్ పట్టి హ్యాండిల్‌ను బలంగా కిందికి నొక్కుతూ వదులుతూ ఉండండి. పైన డస్ట్ సీల్ దగ్గర తడి వస్తే సీల్ వైపు సమస్య. పైన పొడిగా ఉండి, యాక్సిల్ (చక్రం ఇరుసు) దగ్గర అడుగు భాగంలో మాత్రం చుక్క కడుతుంటే సీల్‌కు సంబంధం లేదు. అలెన్ బోల్టు కింద ఉండే రాగి వాషర్ పోయి ఉంటుంది. ఆ వాషర్ కోసం కొత్త సీళ్లు కొన్నవాళ్లు ఎంతోమంది.

తర్వాత డస్ట్ సీల్‌ను చిన్న స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా పైకి జరపండి. లోపల ఎర్రమట్టి ముద్దలా పేరుకుని ఉండటం మన రోడ్ల మీద తిరిగే బండ్లలో మామూలే. దాంట్లో ఒక ఇసుక రేణువు సీల్ అంచు కిందికి దూరినా చాలు, అంచు అంతమేర లేచి ఉంటుంది, ఆయిల్ అక్కడి నుంచి వస్తుంది. సీల్ చెడలేదు, దాని కింద చెత్త ఇరుక్కుంది, అంతే. పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఇంట్లో ఉంటే ఒక పట్టీ కత్తిరించి, చివర చిన్న కొక్కెంలా గాటు పెట్టండి. దాన్ని పైపుకూ సీల్‌కూ మధ్య దూర్చి చుట్టూ తిప్పి పైకి లాగితే నల్లటి బురద బయటికొస్తుంది. రెండు మూడు సార్లు అలా చేసి తుడిచి, మళ్లీ బండి తిప్పి చూడండి. ఇంతటితో ఆగిపోయే లీకులు చాలా ఉంటాయి. ఫోర్క్ విప్పే ముందు ఈ పని చేయకపోవడం నా దృష్టిలో పెద్ద నష్టం.

అప్పటికీ కారుతుంటే పైపును చదవాలి. పైపుకు ఒక కేబుల్ టై వదులుగా కాకుండా, జరిపితే జరిగేలా కట్టి డస్ట్ సీల్ మీద ఆనించండి. ఒకరోజు మామూలుగా బండి నడపండి. గుంతలకు, బ్రేకులకు ఫోర్క్ ఎంత లోతుకు దిగిందో టై అంత పైకి జరిగి ఉంటుంది. డస్ట్ సీల్ నుంచి ఆ టై వరకూ ఉన్న భాగమే సీల్ రోజూ రుద్దుకునే చోటు. ఆ భాగంలో ఉన్న గాటు, తుప్పు చుక్క సీల్‌ను తింటాయి. దానికి పైన, సీల్ ఎప్పుడూ చేరని చోట తుప్పు ఉంటే చూడ్డానికి బాగోదు తప్ప లీకుకు కారణం కాదు.

ఆ భాగం మీద గోరు పెట్టి పై నుంచి కిందికి, తర్వాత చుట్టూ మెల్లగా లాగండి. కంటికి కనిపించని గాటు గోటికి తగులుతుంది. టక్కుమని గోరు ఆగిన చోట మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. ముందు వెళ్లే లారీ చక్రం విసిరిన కంకరరాయి తగిలిన చోట చిన్న గుంట ఏర్పడి, దాని చుట్టూ అంచు లేస్తుంది. ఆ లేచిన అంచే రబ్బరును కోసేది. తుప్పు కథ వేరు. పైపు మీది క్రోమ్ పూత తల వెంట్రుక కంటే పలుచన, దానికి సహజంగానే కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయి. వాటిలోంచి తేమ ఇనుము దాకా చేరితే కింది నుంచి తుప్పు పొక్కి పూతను పైకి లేపుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి తగిలే బండ్లకు, నెలల తరబడి ఒకేచోట నిలిపి ఉంచిన బండ్లకు ఇది త్వరగా వస్తుంది. ఫోర్క్‌కు రబ్బరు గొట్టాల్లాంటి కవర్లు తొడిగితే రాళ్ల నుంచి కాపాడతాయి కానీ, లోపల తేమ చేరి ఆరకపోతే అవే తుప్పుకు దారి తీస్తాయి. అప్పుడప్పుడూ పైకి లేపి తుడవాలి.

ఏ వైపు కారుతోందన్నది కూడా ఒక ఆధారమే. రెండు వైపులా ఒకేసారి మొదలైతే వయసుకు రబ్బరు గట్టిపడి ఉంటుంది, కొత్త సీళ్లు వేస్తే సరిపోవచ్చు. ఎప్పుడూ ఒకే వైపు కారుతుంటే ఆ పైపులో గాటో, వంకరో ఉందని అనుమానించాలి. బండి ఎప్పుడైనా కిందపడిందా, ఎదురుగా దేనికైనా తగిలిందా అని గుర్తు చేసుకోండి. సెకండ్ హ్యాండ్ బండి అయితే ఆ అనుమానం రెట్టింపు.

విప్పే వరస, ఆ ఒక్క బోల్టు

ఫోర్క్ పనిలో కష్టమైన వస్తువు ఒక్కటే, అడుగున ఉండే అలెన్ బోల్టు. అది డంపింగ్ రాడ్‌ను పట్టుకుని ఉంటుంది, రాడ్ లోపల స్వేచ్ఛగా తిరగగలదు. బోల్టు తిప్పితే రాడ్ కూడా దాంతో పాటే గిరగిరా తిరుగుతుంది, బోల్టు మాత్రం ఊడదు. చాలామంది ఇంట్లో మొదలుపెట్టి ఇక్కడ ఆగిపోయి, సగం విప్పిన ఫోర్క్‌ను సంచిలో పెట్టుకుని షాపుకు పోతారు.

అందుకే వరస ముఖ్యం. ఫోర్క్ బండికి ఉన్నప్పుడే, స్ప్రింగు లోపల ఉన్నప్పుడే ఈ బోల్టును ఒక చుట్టు వదులు చేయాలి. స్ప్రింగు నొక్కిడికి రాడ్ తల బిగుసుకుని ఉంటుంది కాబట్టి తిరగదు. ఒకరు హ్యాండిల్ మీద బరువు వేసి నొక్కి పట్టుకుంటే ఇంకా మంచిది. యాక్సిల్ అడ్డం వస్తే చక్రం తీశాక చేయండి, స్ప్రింగు మాత్రం తీయకండి. ఇంపాక్ట్ గన్ ఉన్న గ్యారేజీ పక్కనే ఉంటే ఒక్క క్షణంలో వదులు చేసి ఇస్తారు, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అప్పటికీ రాడ్ తిరిగితే, స్ప్రింగు తీశాక పై నుంచి పొడవాటి చెక్క కర్రను చివర కాస్త చెక్కి రాడ్ తలలోకి గట్టిగా దిగేసి పట్టుకోవాలి. అలెన్ కీ అరిగినదైతే బోల్టు తల గుండ్రంగా తినేస్తుంది, తర్వాత దాన్ని డ్రిల్ చేయాల్సి వస్తుంది. మంచి కీ కొనుక్కోండి, బోల్టు తలలోని మట్టిని సూదితో తీసి, కీని సుత్తితో తట్టి పూర్తిగా దిగాకే తిప్పండి.

రెండో జాగ్రత్త పైన ఉండే క్యాప్ బోల్టు గురించి. పైపు టీలో (హ్యాండిల్ దగ్గర రెండు పైపులనూ కలిపి పట్టుకునే క్లాంపు) బిగించి ఉన్నప్పుడే పై క్లాంప్ బోల్టు వదులు చేసి, ఈ క్యాప్‌ను కాస్త వదులు చేసుకోవాలి. ఫోర్క్ బయటికి తీశాక పైపును పట్టుకుని క్యాప్ తిప్పడం పెద్ద పని. చివరి మరలు ఊడేటప్పుడు స్ప్రింగు దాన్ని ఎగరేస్తుంది, ముఖం దూరంగా పెట్టి, గుడ్డ కప్పి అరచేత్తో నొక్కుతూ తీయాలి.

మిగతాది ఓపికతో జరిగిపోయేదే. బండి సెంటర్ స్టాండ్ మీద నిలిపి, ఇంజిన్ కింద చెక్క దిమ్మతో జాకీ పెట్టి ముందు చక్రం లేపండి. కాలిపర్‌ను తీగతో కట్టి వేలాడదీయండి, బ్రేక్ గొట్టానికి వేలాడనివ్వద్దు. ప్యాడ్‌లు బయట ఉన్నంతసేపు ఎవరూ బ్రేక్ లివర్ నొక్కకుండా చూడండి. ఇంట్లో పిల్లలుంటే లివర్‌కు ఒక గుడ్డ చుట్టి పెట్టండి. మడ్‌గార్డ్ తీసి, టీ క్లాంపులు వదులు చేసి, పైపును తిప్పుతూ కిందికి లాగితే ఫోర్క్ చేతికొస్తుంది. ఒక వైపు పూర్తిగా ముగించాకే రెండోది విప్పండి. ఏ ముక్క ఎలా ఉండేదో సందేహం వస్తే పక్కనే విప్పని జత ఉంటుంది.

పాత ఆయిల్‌ను తెల్లటి ట్రేలోకి వంచండి. అది బూడిద రంగులో, వెలుతురులో సన్నగా మెరుస్తూ ఉంటే ఆ మెరుపు అల్యూమినియం పొడి. బాటమ్ కేసు లోపలి గోడ అరుగుతోందన్నమాట. చిన్న బైకులు చాలావాటిలో మార్చుకునే బుష్ (పైపుకూ కేసుకూ మధ్య రాపిడిని భరించే రింగు) ఉండదు, పైపు నేరుగా కేసు గోడకే రాసుకుంటుంది. పైపును కేసులో సగం పెట్టి పక్కకు ఊపినప్పుడు టకటకా ఆడుతుంటే, కేసో పైపో అరిగినట్టు. అంత ఆట ఉన్నచోట ఎంత మంచి సీల్ వేసినా పైపు అటూ ఇటూ ఊగి దాన్ని ఒకపక్క తినేస్తుంది. లీకు మళ్లీ మళ్లీ రావడానికి ఎవరూ పట్టించుకోని కారణం ఇదే. బుష్ ఉన్న ఫోర్క్ అయితే బుష్ మీది పూత అరిగి రాగి రంగు బయటపడిందేమో చూసి సీల్‌తో పాటే మార్చండి.

పైపు వంకరను ఇంట్లోనే అంచనా వేయొచ్చు. వంటగది గ్రానైట్ గట్టును శుభ్రంగా తుడిచి, దాని మీద పైపును దొర్లించండి. వెనక ఒక టార్చి పెట్టి చూస్తే, వంకర ఉన్నచోట కింద వెలుతురు వస్తూ పోతూ ఉంటుంది. అనుమానం ఉంటే లేత్ షాపులో డయల్ గేజీ పెట్టించండి. చాలా మాన్యువల్స్‌లో ఒప్పుకునే రన్అవుట్, అంటే పైపు తిప్పినప్పుడు గేజీలో కనిపించే తేడా, 0.2 మి.మీ. దాకా మాత్రమే. వంగిన పైపును ప్రెస్‌లో పెట్టి నిటారు చేయించడం మన దగ్గర బాగా అలవాటు. నేను దాన్ని సిఫార్సు చేయను. వంగిన చోట క్రోమ్ పగులుతుంది, ఇనుము అలసిపోయి ఉంటుంది. ముందు చక్రాన్ని పట్టుకునే పైపు విషయంలో కొత్తది కొనడమే సరైన పని.

గాట్ల సంగతి అంత కఠినం కాదు. ఒకటి రెండు చిన్న గుంటలైతే లేచిన అంచును 1000, తర్వాత 2000 నంబర్ ఎమరీ పేపర్‌కు ఆయిల్ రాసి ఆ చుక్క వరకే రుద్దండి. గోరు ఆగనంత వరకూ రుద్ది, గుంటలో గట్టిపడే ఎపాక్సీ నింపి ఆరాక మళ్లీ సమం చేయొచ్చు. కానీ సీల్ తిరిగే భాగంలో తుప్పు పొక్కులు గుంపుగా ఉంటే ఇది పనిచేయదు. పైపు మార్చాలి, లేదా హార్డ్ క్రోమ్ ప్లేటింగ్ చేసే యూనిట్‌కు ఇచ్చి పాత పూత తీయించి, కొత్తది వేయించి గ్రైండింగ్ చేయించాలి. స్టీల్ కుర్చీలకు వేసే మెరుపు పూత దీనికి పనికిరాదు. పైపు దొరికే మోడల్ అయితే కొత్త పైపే చవక. విడిభాగాలు దొరకని పాత బండ్లకే ప్లేటింగ్ ఆలోచించండి.

సీల్ బిగించడం

అన్నీ కిరసనాయిలుతోనో డీజిల్‌తోనో కడిగి బాగా ఆరనివ్వండి. కొత్త సీల్‌ను మాత్రం వాటిలో ముంచకండి, ఫోర్క్ ఆయిల్ రాస్తే చాలు. పైపు అంచులు పదునుగా ఉంటాయి. ఆ పదును మీదుగా సీల్‌ను తోస్తే వేసే రోజే కోసుకుపోతుంది. పైపు చివర పలుచని ప్లాస్టిక్ కవర్ తొడిగి, దాని మీద ఆయిల్ రాసి సీల్ దించండి. తీగ స్ప్రింగు కనిపించే వైపు కిందికి, అంటే ఆయిల్ వైపు. అంకెలు రాసి ఉన్న వైపు పైకి.

కొట్టడానికి సీల్ వ్యాసానికి సరిపోయే పీవీసీ పైపు ముక్క వాడండి. కొత్త సీల్ మీద పాత సీల్ పెట్టి కొడితే దెబ్బ చుట్టూ సమానంగా పడుతుంది. స్క్రూడ్రైవర్‌తో ఒకపక్క, తర్వాత ఇంకోపక్క కొట్టడం వద్దు, సీల్ పక్కకు వంగి లోపలి ఇనుప రింగు సొట్టపోతుంది. దిగుతున్న కొద్దీ శబ్దం మారుతుంది. మెత్తని దబ్ దబ్ పోయి గట్టి టంగుమనే శబ్దం వస్తే అడుగు తగిలినట్టు. సర్‌క్లిప్ కూర్చునే గాడి మొత్తం చుట్టూ కనిపిస్తే సీల్ సరిగ్గా దిగింది. గాడి ఒకపక్క సగమే కనిపిస్తుంటే ఇంకా కొట్టాలి.

ఆయిల్: ఎంత, ఏది

ఫోర్క్ ఆయిల్ డబ్బా మీద 10డబ్ల్యూ అని రాసి ఉంటే అది ఇంజిన్ ఆయిల్ గ్రేడు లాంటిదే అనుకుంటాం. ఫోర్క్ ఆయిల్స్‌కు ఆ అంకె కట్టుదిట్టమైన ప్రమాణం కాదు. ఒక కంపెనీ 10డబ్ల్యూ ఇంకో కంపెనీ 10డబ్ల్యూ కంటే చిక్కగా ఉండొచ్చు. నమ్మాల్సింది డేటా షీటులో 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇచ్చే సెంటీస్టోక్స్ (ఆయిల్ చిక్కదనం కొలత) అంకె. పాత చిన్న బండ్ల మాన్యువల్స్ కొన్నింటిలో ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వాడమని ఉంటుంది, అది 40 డిగ్రీల దగ్గర దాదాపు 35 సెంటీస్టోక్స్. ఇంజిన్‌లో పోసే 20డబ్ల్యూ40 అదే వేడి దగ్గర 100 దాటుతుంది. "ఏ ఆయిల్ అయితే ఏంటి" అని దాన్ని ఫోర్క్‌లో పోస్తే, మూడింతలు చిక్కని ద్రవాన్ని అవే రంధ్రాల్లోంచి తోయమని అడిగినట్టు. చిన్న చిన్న గతుకులు నేరుగా చేతులకు తగులుతాయి. వరసగా గుంతలు వస్తే ఫోర్క్ లేవడానికి సమయం చాలక కిందికి కూరుకుపోతుంది. మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయండి.

ఎంత పోశామన్నది అంతకంటే ముఖ్యం, కారణం ఆయిల్ పైన ఉండే గాలి. ఫోర్క్ దిగినప్పుడు ఆ గాలి నొక్కుకుని రెండో స్ప్రింగులా పనిచేస్తుంది. పైపు లోపలి వ్యాసం 26 మి.మీ. అనుకుంటే, 10 మి.లీ. ఆయిల్ ఎక్కువ పోస్తే మట్టం దాదాపు 19 మి.మీ. పెరుగుతుంది. "కాస్త ఎక్కువుంటే మంచిదేగా" అని పోసిన ఆ కాస్త, గాలికి చోటు తగ్గించి చివర్లో ఒత్తిడి పెంచుతుంది. ఫోర్క్ అడుగుకు చేరే ముందు రాయిలా గట్టిపడుతుంది, ఆ ఒత్తిడంతా సీల్ మీద పడుతుంది. కొత్త సీల్ త్వరగా కారడానికి ఇదీ ఒక కారణమే.

మాన్యువల్‌లో మి.లీ. లెక్క ఇస్తారు. ఫోర్క్ పూర్తిగా విప్పి ఆరబెట్టినప్పటి లెక్క వేరు, అడుగున ఆయిల్ వంచి మార్చినప్పటి లెక్క వేరు. రెండో పద్ధతిలో లోపల కొంత ఆయిల్ అంటుకుని ఉండిపోతుంది కాబట్టి తక్కువ పోయాలి. మట్టం కొలత ఇచ్చి ఉంటే అదే మేలు. స్ప్రింగు లేకుండా, ఫోర్క్ పూర్తిగా నొక్కి నిటారుగా పెట్టి, పైపు అంచు నుంచి ఆయిల్ ఉపరితలం వరకూ కొలవాలి. కొలిచే ముందు పైపును నెమ్మదిగా పైకీ కిందికీ ఆడిస్తే డంపింగ్ రాడ్ లోపలి గాలి బుడగలు బయటికొస్తాయి. మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజికి సన్నని గొట్టం తగిలించి, దాన్ని కావాల్సిన లోతు వరకూ దించి ఎక్కువున్నది పీల్చేయండి. రెండు వైపులా మట్టం ఒకటే ఉండాలి. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయకండి, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోగుచేసే సర్వీస్ సెంటర్‌కు సీసాలో పోసి ఇచ్చేయండి.

బిగించేటప్పుడు

అలెన్ బోల్టుకు కొత్త రాగి వాషర్, థ్రెడ్ లాక్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) తప్పనిసరి. చిన్న బండ్లలో దాని బిగింపు 20 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, మీ మోడల్ అంకె చూసుకుని టార్క్ పానాతో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) బిగించండి. పైపులు టీలో రెండూ ఒకే ఎత్తులో ఉండాలి.

యాక్సిల్ దగ్గర ఒక అడుగును చాలామంది దాటేస్తారు. నట్టు బిగించాక, యాక్సిల్ క్లాంప్ బోల్టు ఉన్న మోడల్ అయితే దాన్ని వదులుగానే ఉంచండి. బండిని స్టాండ్ దించి, ముందు బ్రేక్ పట్టి ఫోర్క్‌ను నాలుగైదు సార్లు ఆడించాక, అప్పుడు ఆ బోల్టు బిగించండి. అలా చేయకపోతే రెండు కాళ్లూ ఒకదాన్నొకటి లోపలికి లాక్కుంటూ ఉండిపోతాయి, పైపు కేసులో ఒకపక్కకు రాసుకుంటుంది, సీల్ ఒకవైపే అరుగుతుంది.

కాలిపర్ తిరిగి బిగించాక లివర్ నొక్కితే ఖాళీగా దిగిపోతుంది. గట్టిపడే వరకూ నొక్కుతూ ఉండండి, ఆ తర్వాతే బండి కదిలించండి. మొదటి రోజు డస్ట్ సీల్ పైన కొద్దిగా ఆయిల్ కనిపిస్తుంది, బిగించేటప్పుడు రాసిందే అది. తుడిచేసి మర్నాడు, వారం తర్వాత మళ్లీ చూడండి. అప్పుడు కూడా వలయం కడుతుంటే ఇంకో సీల్ కొనకండి. మార్కర్‌తో గుర్తు పెట్టిన చోటు దగ్గరికి గోరు మళ్లీ పోనివ్వండి.